సగం వాక్యం కాడ ఆగిపోతున్న నిరీక్షణ: పునరుత్థానం తీసేస్తే ఏం మిగుల్తది?

నల్గొండ దిక్కు గానీ పాలమూరు దిక్కు గానీ, క్రైస్తవుల ఇంట్ల చావైతే జరిగేది దాదాపు ఒక్కతీరే ఉంటది. ఫ్రీజర్ పెట్టె కిరాయికి తెస్తరు, వాకిట్ల టెంట్ ఏస్తరు, మైకుల పాటలు పెడ్తరు, బొంబాయిల పని చేసే కొడుకు వచ్చేదాక ఆపుతరు, పాస్టర్ గారు వాక్యం చెప్తరు, ఆ తర్వాత సమాధుల తోటకు తీస్కపోతరు. పెట్టె బొందల దింపినంక అందరు తలా ఒక పిడికెడు మన్ను ఏస్తరు, అయ్యగారు పుస్తకం చూస్కుంట మన్నుకు మన్ను, బూడిదకు బూడిద, ధూళికి ధూళి అని చదువుతరు. అయితే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి సంఘాలు వాడే పాత భూస్థాపన క్రమంల వాక్యం అక్కడ ఆగదు, నిత్యజీవానికి పునరుత్థానం (అంటే చచ్చినోళ్లు ఒంటితోని తిరిగి లేచుడు) అవుతమనే నిశ్చయమైన నిరీక్షణతో ఈ శరీరాన్ని మన్నుకు అప్పగిస్తున్నం అని సాగుతది. కానీ ఆ రెండో సగం వచ్చేటాలకు సగం జనం వెనక్కి తిరిగి ఉంటరు, ఒకరు బోరింగు కాడ చేతులు కడుక్కుంటుంటరు, ఒకరు ఆటో స్టార్ట్ చేస్తుంటరు, పారలు పట్టిన పిలగాండ్లు ఎప్పుడు అయిపోతదా అని చూస్తుంటరు. అసలు సంగతి మొత్తం ఆ రెండో సగంలనే ఉంది మరి.

వినకపోయేది జనం ఒక్కళ్లే కాదు, చెప్పేటోళ్లు కూడా చానమంది మొదటి సగం కాడనే ఆగుతున్నరు. చావింట్ల ఎక్కువ వినపడే మాటలు "ప్రభువు పిలుచుకున్నడు", "మహిమకు పోయిండు", "పరలోకం చేరిండు". ఇవి తప్పు మాటలని కాదు, చనిపోయిన విశ్వాసి ప్రభువు దగ్గర ఉంటడని అపొస్తలుడు పౌలు కూడా రాసిండు. కానీ ఇంతటితోనే కథ అయిపోయింది అన్నట్టు చెప్తే వినేటోళ్లకు అర్థమయ్యేది ఏందంటే శరీరం ఒక పాత అంగీ, ఇడిచిపెట్టినం, ఆత్మ ఎగిరిపోయింది, ఇగ దానితోని పని లేదు అని. అంత మాట చెప్పనీకి క్రైస్తవమే అక్కర లేదు, అట్ల చెప్పే తత్వాలు లోకంల ఎన్నో ఉన్నయి. విశ్వాస ప్రమాణంల ప్రతి ఆదివారం నోటితోని ఒప్పుకునేది మాత్రం వేరు: "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను." ఆత్మ పునరుత్థానం అని అందుల లేదు, శరీరం అని ఉంది.

ఇదేం కొత్త తకరారు కాదు. క్రీ.శ. 55 ప్రాంతంల పౌలు ఎఫెసుల ఉండి కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం మొత్తం దీని మీదనే ఉంది. దాన్ని జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తెలుస్తది. కొరింథోళ్లు యేసు లేవలేదని అనలేదు, యేసు లేచిండు సరే గానీ చచ్చిపోయిన మామూలు మనుషులు లేస్తరా, అదెట్ల అన్నరు. గ్రీకు చదువులు చదివినోళ్లకు శరీరం అంటే జైలు, చావంటే విడుదల, అసొంటి వాళ్లకు శవం మళ్ల లేస్తదంటే నవ్వు వస్తది. ఏథెన్సుల అట్లనే అయింది, పౌలు మాట్లాడినంతసేపు మంచిగనే విన్నరు, మృతుల పునరుత్థానం అనంగనే కొందరు ఎగతాళి చేసిండ్రని అపొస్తలుల కార్యాలు 17ల ఉంది. ఒక రకంగ చూస్తే మన సంఘాల పరిస్థితి కూడా కొరింథు తీరే ఉంది, ఈస్టర్ నాడు తెల్లారగట్ల నాలుగు గంటలకు లేచి క్యాండిల్స్ పట్టుకొని "క్రీస్తు లేచెను" అని ఊరంతా తిరుగుతం, అదే నెలల చావైతే లేచుడు ముచ్చట మాత్రం రాదు.

పౌలు జవాబు సూటిగ ఉంటది. మనుషులు లేవకపోతే క్రీస్తు కూడా లేవలేదు, "క్రీస్తు లేపబడియుండనియెడల మేముచేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే." అంతటితోని ఆగలేదు, అట్లయితే మీరు ఇంకా మీ పాపాలల్లనే ఉన్నరు, చనిపోయినోళ్లు నశించిపోయిండ్రు, మేము దేవుని పేరు మీద అబద్ధం చెప్పినోళ్లమైతం, మనుషులందరికంటె దౌర్భాగ్యులం మనమే అంటడు. ఒక మతం తన పునాది ఎక్కడుందో ఇట్ల వేలు పెట్టి చూపెట్టి, ఇది తప్పని తేలితే అంతా తప్పే అని చెప్పుడు చాన అరుదు. నీతి బోధలు మిగుల్తయి గదా, కొండ మీద ప్రసంగం మిగుల్తది గదా అని ఈ కాలంల కొందరు అంటరు. పౌలు ఆ బేరానికి ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదు అంటే సిలువ ఒక్కదానితోని ఏమీ తేలదు గనుక. రోమా సర్కారు సిలువేసి చంపిన మనుషులు వేలమంది ఉన్నరు, అందుల ఒకడు మన పాపాల కోసం చచ్చిపోయిండని ఎట్ల నమ్మాలె? పంట లోను కోసం బ్యాంకుల పాస్‌బుక్ కుదవ పెట్టిన రైతును అడిగితే చెప్తడు, పైసలు కట్టిన అని నోటితోని ఎంత చెప్పినా పాస్‌బుక్ తిరిగి చేతికి వచ్చినంకనే మనసు నిమ్మలపడ్తది. సిలువ కాడ అప్పు కట్టిండు అన్న మాటకు పునరుత్థానం ఆ చేతికొచ్చిన పాస్‌బుక్ లెక్క. (పోలిక పూర్తిగ కుదరదు, దేవుడు బ్యాంకు మేనేజర్ కాదు, కానీ వరుస అర్థమైతది.)

ఇక్కడ ఒక గందరగోళం కూడా తీయాలె. తెలుగుల పునర్జన్మ, పునరుత్థానం అనే రెండు మాటలు ఒకే తీరు మొదలైతయి గనుక చానమంది రెండు ఒకటే అనుకుంటరు, సంఘంల ఉన్నోళ్లు కూడా. పునర్జన్మల ఆత్మ ఇంకో శరీరంలకు పోతది, పాత మనిషి పేరు, మొఖం, జ్ఞాపకం ఏదీ మిగలదు. పునరుత్థానంల అదే మనిషి, అదే పేరు, అదే శరీరం, మార్పు చెంది లేస్తది. యేసు సమాధిల నుంచి లేపిన లాజరు ముచ్చట కూడా ఇది కాదు, ఆయన పాత బతుక్కే తిరిగొచ్చిండు, మళ్ల ఒకనాడు చచ్చిపోయే ఉంటడు. యేసు లేచింది అటు వైపుకు, ఇగ చావు లేని దిక్కుకు. అయినా ఆయన దయ్యం లెక్క కనబడలేదు, లూకా 24ల కాల్చిన చేప ముక్క తిన్నడు, యోహాను 21ల చెరువు గట్టు మీద నిప్పుల మీద చేపలు కాల్చి శిష్యులను తిననీకి పిలిచిండు, తోమాకు గాయాలు చూపెట్టిండు. పౌలు చెప్పిన "ఆత్మసంబంధ శరీరము" అన్న మాటను ఒళ్లు లేని గాలి మనిషి అని అర్థం చేస్కునేటోళ్లు ఉన్నరు, ఆయన చెప్పేది మాత్రం దేవుని ఆత్మ నడిపించే నిజమైన శరీరం గురించి. అందుకే గింజ పోలిక తెచ్చిండు. గింజ మన్నుల పడ్తది, మొక్క వస్తది, మొక్క గింజ తీరు ఉండదు, కానీ జొన్న గింజకు కందిచెట్టు మొలవదు.

ఇదంతా నిజంగనే జరిగిందా అని అడిగేటోళ్లకు ల్యాబ్ రిపోర్టు ఎవ్వరూ చూపెట్టలేరు. చరిత్ర వైపు నుంచి చెప్పగలిగేవి కొన్ని ఉన్నయి. సిలువ సంఘటన జరిగిన సుమారు పాతికేండ్లకే, లేచిన యేసును ఒక్కసారే 500 మందికి పైగా చూసిండ్రు, వాళ్లల్ల చానమంది ఇంకా బతికే ఉన్నరు అని పౌలు రాసిండు, అంటే పోయి అడుగుండ్రి అన్నట్టే. నాలుగు సువార్తలల్ల ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడోళ్లే. ఆ కాలంల యూదుల కాడ ఆడోళ్ల సాక్ష్యానికి విలువ లేదని చరిత్రకారుడు జోసీఫస్ రాసిండు, మరి కట్టుకథే అయితే అసొంటి సాక్షులను ఎవరన్న పెట్టుకుంటరా? శిష్యులు కూడా మొదట నమ్మలేదు, ఆ ఆడోళ్ల మాటలు వాళ్లకు "వెఱ్ఱిమాటలుగా" కనబడినయని లూకా దాచకుండ రాసిండు. ఇంకో సంగతి, యూదుల బోధకుడు గమలీయేలు వాళ్ల సభల చెప్పినట్టు థూదా, గలిలయ యూదా అనేటోళ్లు తిరగబడి లేచిండ్రు, సచ్చిండ్రు, వాళ్ల ఎంబడి ఉన్నోళ్లు చెల్లాచెదురైండ్రు. ఇక్కడ మాత్రం నాయకుడు చచ్చినంకనే గుంపు మొదలైంది, పైగా యూదులై ఉండి శనివారం పోయి ఆదివారం కూడుడు మొదలుపెట్టిండ్రు, యేసు లేచిన దినం కూడా అదే గనుక ఆ నాడు కూడుతున్నమని క్రీ.శ. 155 ప్రాంతంల జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోము నుంచి రాసిండు. ఇవి గుండెల నమ్మకం పుట్టిస్తయని కాదు, నమ్మకం గుడ్డిది కాదని చూపెడ్తయి, అంతే.

ఇగ శరీరం ముచ్చటకు వద్దాం, ఎందుకంటే ఈ ప్రాంతానికి అది పుస్తకాల ముచ్చట కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఊర్లల్ల భూగర్భ జలంల ఫ్లోరైడ్ ఎంత పని చేసిందో అందరికి ఎరుకే. లీటరు నీళ్లల్ల 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది, ఇక్కడ బోర్లల్ల ఆ హద్దు దాటిన నీళ్లనే తరాల కొద్ది తాగిండ్రు. పండ్ల మీద గోధుమరంగు మచ్చలతోని మొదలైతది, తర్వాత కీళ్లు పట్టేస్తయి, వెన్ను కర్ర లెక్క బిగుసుకపోతది, కాళ్లు వంకర్లు తిరుగుతయి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలె. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థోళ్లు తయారు చేస్తే దానికి పేరే నల్గొండ టెక్నిక్ అని పడ్డది, జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ఇట్ల. ఇప్పుడు మిషన్ భగీరథతోని పైపులల్ల కృష్ణ నీళ్లు వచ్చినయి, చిన్న పిల్లలకు మేలైంది. అయితే నీళ్లు మారినంత మాత్రాన అప్పటికే వంగిన బొక్క సక్కగ కాదు, దానికి మందు లేదు.

మేలు లేటుగ వచ్చినోళ్ల సంగతేంది? మంచం మీద ముడుచుకొని 40 ఏండ్లు పండుకున్న మనిషికి, నీళ్లు రాకముందే చచ్చిపోయిన మనిషికి ఏం చెప్పాలె? "ఆత్మ పరలోకం పోయింది" అంటే ఆ ఒంటికి జరిగిన అన్యాయం అట్లనే ఉండిపోయినట్టు. దేవుడు ఆత్మను తీస్కపోయి ఒంటిని ఫ్లోరైడ్‌కు ఇడిచిపెట్టినట్టు. శరీర పునరుత్థానం చెప్పేది దానికి ఉల్టా, ఆ వెన్నుపూసనే, ఆ మోకాళ్లనే దేవుడు లెక్కల పెట్టుకున్నడు, అవే లేస్తయి, వంకర లేకుండ లేస్తయి. "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అని పౌలు అన్నడు, మరణాన్ని శత్రువు అన్నడు, దోస్తు అనలేదు, తలుపు అనలేదు. ఓదార్పు కోసం చావును మంచిది చేసి చెప్పే పని క్రైస్తవానికి అక్కర లేదు. లాజరు లేస్తడని తెలిసి కూడా సమాధి కాడ యేసు ఏడ్చిండు గదా.

ఊరవతల పెట్టబడ్డ వాడల నుంచి ఎక్కువ మంది వచ్చి నిండిన సంఘాలు ఇక్కడివి. నల్గొండల బాప్టిస్టు మిషన్ 1890ల మొదలైంది, అది పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) మనిషి. పాలమూరు దిక్కు ఎం.బి. చర్చి అని అందరు పిలిచే మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు లేచినయి. కాథలిక్కులకు నల్గొండ మేత్రాసనం (బిషప్ కింద ఉండే ప్రాంతం) 1976ల ఏర్పడ్డది. ఏ సంఘం అయినా మెజారిటీ జనం మాదిగ, మాల ఇండ్లోళ్లే. ముట్టుకుంటే మైల అని దూరం పెట్టింది వాళ్ల ఆత్మలను కాదు, ఒళ్లనే. గ్లాసు వేరు పెట్టింది ఆ పెదవులకు, బావి కాడ ఆపింది ఆ చేతులను. అసొంటి ఒంటిని దేవుడు మహిమతోని లేపుతడు అన్న మాట ఆ వాడల్ల ఏం చేస్తదో బయట నుంచి చూసేటోళ్లకు అంత తేలిగ్గ అర్థం కాదు. జడ్చర్లల ఎం.బి. వాళ్లు వాక్యంతోని పాటు ఆస్పత్రి కూడా పెట్టిండ్రంటే అది ఊరికనే కాదు, లేచే ఒంటికి ఇప్పుడు కట్టు కట్టుడు కూడా దేవుని పనే అయితది గనుక. పౌలు రాసిన ఆ 15వ అధ్యాయం ముగిసేది కూడా అట్లనే, పరలోకం వైపు చూస్కుంట కూసోమని కాదు, మీ ప్రయాస వ్యర్థం కాదు గనుక పనిల ఇంకా ఎక్కువ పడుండ్రి అని.

ఎదురు మాట ఒకటి ఉంది, అది ఇక్కడ గట్టిగనే వినపడ్తది. 1946 నుంచి 51 దాక సాయుధ పోరాటం నడిచిన గడ్డ ఇది, నల్గొండ దానికి గుండెకాయ. చచ్చినంక సుఖం ఉంటది అని చెప్పి బతికుండంగ దొర కాళ్ల కాడ పడి ఉండమనేది మతం అని ఆ పోరాటం నడిపిన కమ్యూనిస్టు సంఘపోళ్లు అన్నరు. ఆత్మ మాత్రమే పోతది అని చెప్పే ప్రసంగానికి ఆ విమర్శ సరిగ్గ తగుల్తది, తప్పించుకోనీకి లేదు. పునరుత్థానానికి మాత్రం తగలదు. యేసుకు మరణశిక్ష ఏసింది సర్కారు, సమాధి రాయికి ముద్ర ఏసి కావలి పెట్టింది సర్కారు సెలవుతోని ప్రధాన యాజకులు, అధికారం చేతుల ఉన్నోళ్ల ఆఖరి ఆయుధం చంపుడే. చంపినా ఆగకపోతే వాళ్ల కాడ ఇంకేం మిగుల్తది? మృతులు లేవకుంటే రేపు చచ్చిపోతం గనుక తిందాం తాగుదాం అనే లెక్కనే కరెక్టు అని పౌలే అన్నడు, లేస్తరు గనుకనే నేను రోజూ ప్రాణం మీదికి తెచ్చుకుంటున్న అన్నడు. సర్దుకొని బతుకుమని చెప్పే మాట కాదిది.

స్వస్థత కూటాలల్ల ఇంకో రకం ఇబ్బంది కనబడ్తది. అందరికి ఇప్పుడే, ఇక్కడే, ఈ స్టేజీ మీదనే బాగైతది అని చెప్తరు, కానోళ్లకు "నీకు విశ్వాసం తక్కువ" అని చెప్పి పంపుతరు. బాగు కావాలని ప్రార్థన చేసుడు తప్పు కాదు, కానీ బాగైన మనిషి కూడా ఒకనాడు బొందకే పోతడు గదా. స్వస్థత బయానా, పునరుత్థానం రిజిస్ట్రేషన్. బయానా అందనోడికి ప్లాటు లేదు అని ఎవ్వడు చెప్పినా అది మోసమే.

నిరీక్షణ అనే మాటనే తీస్కోండ్రి. ఇంగ్లీషుల హోప్ అనేదానికి తెలుగు బైబిల్‌ల పెట్టిన మాట ఇది, మామూలు తెలుగుల నిరీక్షణ అంటే ఎదురుచూసుడు. పాత నిబంధన హీబ్రూల కూడా ఆశించుడుకు, కనిపెట్టుకొని ఉండుడుకు ఒకే ధాతువు వాడ్తరు, అంటే ఈ తర్జుమా అనుకోకుండనే చాన లోతుకు పోయింది. వాన పడ్తదేమో అని మొగులు దిక్కు చూసుడు ఆశ, పడొచ్చు, పడకపోవచ్చు. నారాయణపేట, మక్తల్ దిక్కు ఇండ్లల్ల బొంబాయి బస్సు కోసం చూసే చూపు వేరు. "బస్సెక్కిన అమ్మా" అని రాత్రి ఫోన్ వస్తది, ఆ ఫోన్ తర్వాత తల్లి ఊకె కూసోదు, నాటుకోడిని గంప కింద ఏస్తది, మంచం బయట ఏసి దులుపుతది, తెల్లారేసరికి సాయమాన్ల పొయ్యి అంటుకొని ఉంటది. కొడుకు ఇంకా ఇంట్ల లేడు, కానీ ఆ ఇల్లు నిన్నటి ఇల్లు కాదు. క్రీస్తు లేచుడు ఆ ఫోన్ కాల్ అసొంటిది. యేసు లేచిన నాడే ఎమ్మాయు ఊరి బాట మీద నడిచిన ఇద్దరు శిష్యుల బాధ కూడా ఇదే, "ఈయనే అని మేము నిరీక్షించియుంటిమి" అన్నరు, ఎదురుచూసుడు అయిపోయింది, కొడుకు రాడు అని తెలిసిన ఇంటి మాట అది. మాట్లాడేది ఎవరితోనో తెల్వక పక్కన నడిచే మనిషికే, అంటే లేచిన యేసుకే, ఆ మాట చెప్పిండ్రు.

పౌలు దీనికి వాడిన పేరు ప్రథమఫలం. పస్కా తర్వాత యూదులు మొదటి పన తెచ్చి దేవుని ముందట ఆడించేటోళ్లు, అది ఒక్క పన కాదు, పొలంల ఉన్నదంతా రాబోతుంది అన్న గుర్తు. మన సంఘాలల్ల కోత పండుగ నాడు వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందట పెడ్తరు, తర్వాత వేలంపాట పాడ్తరు, 200 కోడి 2,000కు పోతది, అందరు నవ్వుతరు. అందుల మొదటి కంకి అక్కడ ఎందుకు ఉందో ఆ రోజన్న ఒక్కసారి చెప్తే ఈస్టర్‌కు, చావింటికి మధ్యల తెగిన దారం మళ్ల కలుస్తది. క్రీస్తు మొదటి కంకి, సమాధుల తోటల ఉన్నోళ్లు మిగిలిన పొలం. "నిద్రించిండు" అని మనం అనే మాట కూడా అందుకే, ఇంగ్లీషుల సిమెట్రీ అనేది కూడా నిద్రపోయే చోటు అనే గ్రీకు మాట నుంచే వచ్చింది.

పాత పద్ధతి తెలిసిన పెద్దమనుషులు ఉన్న కొన్ని ఊర్లల్ల బొంద తవ్వేటప్పుడు ముందుగాల దిక్కు చూస్తరు. తల పడమరకు, కాళ్లు తూర్పుకు. లేచి నిలబడ్తే మొఖం పొద్దు పొడిచే దిక్కు ఉండాలె అని. తవ్వే పిలగాడు బండ తగిలిందని కొద్దిగ పక్కకు జరిపిండంటే, గట్టు మీద కూసున్న ముసలాయన బీడి పక్కన పెట్టి లేచి వచ్చి, గడ్డపారతోని గీత గీసి, మళ్ల సక్కగ తవ్విస్తడు.